పోతపాల డబ్బా మార్చడం: వాదాలు, ఆధారాలు, తేలని ప్రశ్నలు

పోతపాల మీద పెరిగే బిడ్డకు ఒక పాలపొడి మానిపించి మరొకటి పట్టడం చాలా ఇళ్లలో జరిగేదే. బిడ్డ ఏడుపు ఆపకపోయినా, తాగిన పాలు కక్కినా, విరేచనం గట్టిపడినా, నీళ్లలా అయినా ఇంట్లో మొదట వినిపించే మాట ‘ఈ పాలు పడటం లేదు’ అన్నదే. ఆ వెంటనే మందుల షాపు నుంచి ఇంకో డబ్బా వస్తుంది. ఈ పని అవసరమా, నిరపాయమా, దండగ ఖర్చా అన్న విషయంలో వైద్యులు, పోషకాహార నిపుణులు, వినియోగదారుల సంస్థలు తలో మాటా చెబుతున్నాయి. మూడు వేర్వేరు మార్పులను ఒకే గాట కట్టి మాట్లాడటం వల్లే ఈ చర్చ ఎక్కువగా చిక్కుపడింది.

## మూడు రకాల మార్పులు

మొదటిది బ్రాండు మార్పు. పాలపొడి రకం అదే, తయారుచేసిన కంపెనీ వేరు. రెండోది దశ మార్పు. డబ్బా మీద 1 అంకె ఉన్నదాన్ని ఆపి, ఆరు నెలలు నిండాక వాడమంటూ 2 అంకె వేసినదాన్ని మొదలుపెట్టడం. మూడోది రకం మార్పు. మామూలు ఆవుపాల పొడి నుంచి లాక్టోజ్ లేనిదానికో, సోయాతో చేసినదానికో, ప్రోటీన్‌ను ముక్కలు చేసినదానికో, చిక్కదనం పెంచినదానికో మారడం.

బ్రాండు మారితే బిడ్డ కడుపులోకి వెళ్లే పదార్థంలో పెద్ద తేడా ఉండదు. రకం మారితే చక్కెరో, ప్రోటీనో, కొవ్వో మారిపోతుంది. అలర్జీ ఉన్న బిడ్డకు ప్రత్యేక పాలపొడితో కుదుటపడిందన్న ఆధారం బ్రాండు మార్పుకు వర్తించదు. బ్రాండు మార్చినా ఏమీ కాలేదన్న అనుభవం రకం మార్పు విషయంలో భరోసా ఇవ్వదు. ఈ గీత చెరిగిన చోటల్లా వాదన దారి తప్పింది.

## చరిత్ర: పాళ్లు మార్చడం నుంచి డబ్బా మార్చడం దాకా

1865లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టుస్ ఫన్ లీబిగ్ ఆవుపాలు, గోధుమపిండి, మాల్టు పిండి, పొటాషియం బైకార్బొనేట్ కలిపి శిశువుల కోసం ఒక ఆహారం రూపొందించాడు. 1867లో స్విట్జర్లాండ్‌లోని వెవేలో హెన్రీ నెస్లే పాలు, పిండి కలిపిన తన శిశు ఆహారాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. పిల్లలందరికీ ఒకే మిశ్రమం సరిపోతుందన్నది ఇద్దరి నమ్మకం.

అదే శతాబ్దం చివర్లో అమెరికాలోని బోస్టన్‌లో థామస్ మోర్గన్ రాచ్ ఇందుకు పూర్తిగా ఎదురు దారి పట్టాడు. ప్రతి బిడ్డకూ కొవ్వు, చక్కెర, ప్రోటీన్ ఎంతెంత శాతం ఉండాలో వైద్యుడు చీటీ రాసేవాడు. ఆ లెక్క ప్రకారం ప్రత్యేక ప్రయోగశాలలో పాలు కలిపేవారు. విరేచనం తీరును, బరువును బట్టి ఆ శాతాలను మళ్లీ మళ్లీ సవరించేవారు. మరీ తలనొప్పి వ్యవహారం కావడంతో ఈ పద్ధతి కొన్ని దశాబ్దాలకే మూలపడింది. విరేచనాన్ని చూసి పాలను సవరించాలన్న ఆలోచన మాత్రం నిలిచిపోయింది.

ఇరవయ్యో శతాబ్దంలో పాలపొడి రకాలు ఒక్కొక్కటే వచ్చాయి. 1909లో బాల్టిమోర్ వైద్యుడు జాన్ రూరా సోయాపిండితో శిశు ఆహారం చేసి చూశాడు. 1942లో ప్రోటీన్‌ను ముక్కలు చేసిన న్యూట్రామిజెన్, 1959లో ఇనుము కలిపిన పాలపొడి వచ్చాయి. అయినా ఆ శతాబ్దం మధ్య దాకా అమెరికా ఇళ్లలో ఎక్కువమంది నీరు ఇగిర్చిన డబ్బాపాలకు నీళ్లు, మొక్కజొన్న పాకం కలిపి పట్టేవారు. ఇంట్లో కలుపుకున్నన్నాళ్లూ తేడా వస్తే పాళ్లు మార్చారు. తయారు డబ్బాలు వచ్చాక డబ్బానే మార్చడం అలవాటైంది.

మన దేశంలో ఆవుపాలో గేదెపాలో నీళ్లు కలిపి పట్టడమే చాలాకాలం సాగింది. గేదెపాలలో కొవ్వు ఎక్కువ, కడుపులో అవి గట్టి పెరుగులా పేరుకుంటాయి. అందుకే వాటితో శిశు ఆహారం చేయడం కుదరదని విదేశీ నిపుణులు భావించేవారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ అందుకు పద్ధతి కనిపెట్టింది, ఆణంద్‌లోని అమూల్ దాన్ని ఉత్పత్తి రూపంలోకి తెచ్చింది. దేశంలో తయారైన పాలపొడి డబ్బా మధ్యతరగతి ఇళ్లకు చేరింది అలాగే.

చట్టాలు దుర్ఘటనల వెనకే వచ్చాయి. 1970ల చివర్లో అమెరికాలో ఒక సోయా పాలపొడిలో ఉప్పు తగ్గించడంతో క్లోరైడ్ లోపం ఏర్పడి పిల్లలు జబ్బుపడ్డారు. ఆ తర్వాతే 1980లో అక్కడ శిశు పాలపొడి చట్టం వచ్చింది. 1981లో ఆహార ప్రమాణాలు రూపొందించే కోడెక్స్ సంస్థ శిశు పాలపొడికి అంతర్జాతీయ ప్రమాణం ప్రకటించింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిపాల ప్రత్యామ్నాయాల మార్కెటింగ్ నియమావళిని ఆమోదించింది. మన పార్లమెంటు 1992లో చేసి 2003లో సవరించిన చట్టం పాలపొడి ప్రకటనలను, ఉచిత నమూనాలను, తగ్గింపు ధరలను నిషేధించింది. డబ్బా మీద పాపాయి బొమ్మ గానీ తల్లి బొమ్మ గానీ ఉండకూడదంది. 2003లో ఇజ్రాయెల్‌లో అమ్మిన ఒక సోయా పాలపొడిలో బి1 విటమిన్ లేకపోవడంతో పిల్లలు చనిపోయారు. ప్రమాణం కాగితం మీద ఉంటే చాలదని, ప్రతి విడతనూ పరీక్షించాలని ఆ ఘటన తేల్చింది.

## డబ్బాలో ఏది ఒకటి, ఏది వేరు

కోడెక్స్ ప్రమాణం ప్రకారం కలిపిన 100 మిల్లీలీటర్ల పాలలో 60 నుంచి 70 కిలోకేలరీల శక్తి ఉండాలి. ప్రతి 100 కిలోకేలరీలకు ప్రోటీన్ 1.8 నుంచి 3 గ్రాములు, కొవ్వు 4.4 నుంచి 6 గ్రాములు ఉండాలి. విటమిన్లకు, ఖనిజాలకు కూడా హద్దులున్నాయి. చాలా దేశాల చట్టాలు ఈ హద్దులకు అటూ ఇటూగా ఉంటాయి. ఏ కంపెనీదైనా బిడ్డ ఎదుగుదలకు కావలసిన కనీస పోషకాలన్నీ ఉండి తీరాలి.

ఆ హద్దుల లోపల తేడాలకు చోటుంది. ఆవుపాలలో కేసిన్, వే ప్రోటీన్లు సుమారు 80, 20 పాళ్లలో ఉంటాయి. చాలా పాలపొడుల్లో వే వాటా పెంచుతారు. కొవ్వు కోసం కొందరు పామ్ ఓలిన్ వాడతారు, కొందరు వాడరు. పామ్ ఓలిన్‌లోని పామిటిక్ ఆమ్లం పేగులో కాల్షియంతో కలిసి సబ్బులాంటి పదార్థం అవుతుంది, దాంతో విరేచనం గట్టిపడుతుంది. ప్రోటీన్‌ను ముక్కలు చేసిన పాలపొడితో విరేచనం పలచగా, ఆకుపచ్చగా రావచ్చు. ఇనుము వల్ల రంగు ముదురుతుంది. డబ్బా మార్చాక విరేచనం రంగు, గట్టిదనం, వాసన మారడం ఎక్కువగా ఇలాంటి తేడాల వల్లే. అది జబ్బుకు గుర్తూ కాదు, పాత డబ్బా చెడ్డదనడానికి సాక్ష్యమూ కాదు.

## నాలుగు వాదాలు

ఏదైనా ఒకటే. పోషక హద్దులు చట్టంలో ఉన్నాయి కాబట్టి బ్రాండు వెతుక్కోవడం అనవసరం అన్నది ఈ పక్షం. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ ఏ బ్రాండైనా బిడ్డ అవసరాలు తీరుస్తుందనే చెబుతుంది. ఆ దేశపు పోటీ నియంత్రణ సంస్థ 2025 ఫిబ్రవరి నివేదికలో ధర ఎంతైనా అన్ని పాలపొడులూ పోషక ప్రమాణాలను అందుకుంటాయని చెప్పింది. ఖరీదైన బ్రాండు నుంచి చవకదానికి మారితే బిడ్డ మొదటి ఏడాదిలో సుమారు 300 పౌండ్లు మిగులుతాయని లెక్కగట్టింది. అమెరికాలో పేద కుటుంబాలకు పాలపొడి ఇచ్చే ప్రభుత్వ పథకంలో ప్రతి రాష్ట్రం ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుంటుంది. ఒప్పందం మారినప్పుడు ఆ రాష్ట్రంలో ఎందరో పిల్లల బ్రాండు ఒకేసారి మారుతుంది. బ్రాండు మార్పు మామూలు విషయమేననడానికి ఈ పక్షం దీన్నే చూపుతుంది. విరేచనం, రుచి వంటి నిజమైన తేడాలను మరీ తేలిగ్గా తీసుకుంటుందన్నది దీని మీద విమర్శ.

బిడ్డను బట్టి పాలు. పిల్లలందరి జీర్ణశక్తీ ఒకలా ఉండదు కనుక తగినది దొరికేదాకా చూడాలన్నది రెండో పక్షం. కుటుంబాల అనుభవం, కొందరు వైద్యుల అలవాటు దీనికి బలం. లాక్టోజ్ తగ్గించి, ప్రోటీన్‌ను కొంత ముక్కలు చేసి ‘కడుపుకు తేలిక’ అంటూ అమ్మే రకాలు ఈ నమ్మకం మీదే నిలిచాయి. కాలంతో తగ్గే బాధ ఏదో, డబ్బా మార్చడం వల్ల తగ్గిన బాధ ఏదో విడదీసి చూపలేకపోవడం దీని బలహీనత.

నిర్ధారణ తర్వాతే మార్పు. రకం మార్పును మందులాగే చూడాలని అలర్జీ, జీర్ణకోశ నిపుణులు అంటారు. ముందు అనుమానం, తర్వాత కొన్ని వారాలు ప్రత్యేక పాలపొడి, ఆపైన పాతది మళ్లీ పట్టి చూడటం, అప్పుడే నిర్ణయం. శాస్త్రీయంగా ఇది గట్టి దారి. ఆచరణలో ఒక చిక్కుంది. కుదుటపడిన బిడ్డకు బాధపెట్టిన పాలను మళ్లీ పట్టడానికి ఇంట్లోవాళ్లకు మనసొప్పదు. ఆ మెట్టు తప్పిపోయి, అలర్జీ ముద్ర మాత్రం మిగిలిపోతుంది.

మార్పు వెనక మార్కెట్. రకాల మీద రకాలు పుట్టుకురావడమే సమస్య అని ప్రజారోగ్య పక్షం వాదన. ఇంగ్లండ్‌లో ఆవుపాల అలర్జీకి రాసే ప్రత్యేక పాలపొడి చీటీలు 2006లో 1.05 లక్షలు. 2016 నాటికి 6 లక్షలు దాటాయి. అలర్జీ అన్ని రెట్లు పెరిగిందనడానికి ఆధారం లేదంటూ 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక పరిశోధక కథనం ప్రచురించింది. భారత్‌తో సహా 15 దేశాల పాలపొడి ఉత్పత్తులను పరిశీలించిన 2023 నాటి అధ్యయనంలో, మెదడుకూ రోగనిరోధక శక్తికీ మంచిదన్న ప్రచారాల్లో ఎక్కువవాటికి శాస్త్రీయ ఆధారమే చూపలేదని తేలింది. నిజంగా అలర్జీ ఉన్న బిడ్డ ఈ అనుమానాల మధ్య చికిత్సకు దూరం కాకూడదన్నది ఈ పక్షానికి ఎదురయ్యే ప్రశ్న.

## లక్షణాల వారీగా ఆధారాలు

ఆగని ఏడుపు. చంటిపిల్లల ఏడుపు పుట్టిన రెండో వారం నుంచి పెరుగుతూ ఆరో వారం ప్రాంతంలో పతాక స్థాయికి చేరుతుంది. మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. 1962లో అమెరికన్ వైద్యుడు టి. బెర్రీ బ్రేజల్టన్ తల్లుల డైరీల ఆధారంగా చూపిన ఈ క్రమాన్ని తర్వాతి పరిశోధనలు ధ్రువపరిచాయి. విసిగిపోయిన కుటుంబం డబ్బా మార్చేది సాధారణంగా ఏడుపు పతాక స్థాయిలో ఉన్నప్పుడే. ఆ తర్వాత ఏం చేసినా, ఏం చేయకపోయినా ఏడుపు తగ్గుముఖం పడుతుంది. పేరు మాత్రం కొత్త డబ్బాకు వస్తుంది. 1989లో బ్రయన్ ఫోర్సైత్ బృందం కొద్దిమంది శిశువులకు, ఏ పాలు పడుతున్నారో తల్లిదండ్రులకు తెలియకుండా రెండు రకాలను మార్చి మార్చి పట్టి చూసింది. మొదటి మార్పుకు కొంత ఫలితం కనిపించినా తర్వాతి మార్పులకు అది తగ్గుతూ పోయింది, చాలామందిలో మళ్లీ కనిపించలేదు. ఏడుపు తగ్గించే ఆహార మార్పుల మీద, వైద్య పరీక్షల ఫలితాలను కూడగట్టి విశ్లేషించే కాక్రేన్ సంస్థ 2018లో ప్రచురించిన సమీక్ష కూడా సిఫారసు చేయగలిగినంత ఆధారం లేదనే చెప్పింది.

పాలు కక్కడం. అమెరికాలో 1997లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం నాలుగో నెలలో మూడింట రెండు వంతుల పిల్లలు రోజుకు ఒకసారైనా పాలు కక్కుతారు. 10 నుంచి 12 నెలల వయసులో అలా చేసేది 5 శాతం మందే. బరువు సరిగా పెరుగుతూ, హుషారుగా ఉన్న బిడ్డకు మార్పు అక్కర్లేదు. ఒక్కోసారి పట్టే పాలు తగ్గించడం, మధ్యలో తేన్పించడం, తాగాక కాసేపు నిటారుగా ఎత్తుకోవడం చాలు. చిక్కదనం పెంచిన పాలపొడి కక్కే సార్లను కొంత తగ్గిస్తుంది. జబ్బును నయం చేయదు.

గట్టి విరేచనం, ఇనుము భయం. ఇనుము కలిపిన పాలపొడి మలబద్ధకం తెస్తుందన్న నమ్మకం బలంగా ఉంది. 1980లో ఫ్రాంక్ ఆస్కీ బృందం, ఆ తర్వాత మరికొందరు పోల్చి చూస్తే ఇనుము ఉన్న పాలు తాగినవారికీ లేనివి తాగినవారికీ కడుపు బాధల్లో తేడా కనిపించలేదు. ఇనుము తక్కువ ఉన్న పాలపొడి తయారీని ఆపేయాలని 1999లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కోరింది. ఈ కారణంతో డబ్బా మార్చి బిడ్డను రక్తహీనతకు దగ్గర చేయడం లాభం లేని పని. పామ్ ఓలిన్ ఉన్నదాని నుంచి లేనిదానికి మారితే విరేచనం మెత్తబడవచ్చు. బ్రాండు మార్పు వల్ల కంటికి కనిపించే ఫలితం ఉండే సందర్భాల్లో ఇదొకటి.

నీళ్ల విరేచనాలు, లాక్టోజ్. పెద్దల్లో చాలామందికి పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తుంది. తెలుగువారిలోనూ ఇది మామూలే. తాతకు పాలు పడవు కాబట్టి మనవడికీ పడవనుకోవడం మాత్రం పొరపాటు. పెద్దయ్యాక తగ్గే లాక్టేజ్ ఎంజైము చంటిపిల్లల్లో నిండుగా ఉంటుంది. పుట్టుకతోనే అది లేకపోవడం అత్యంత అరుదు. పేగు ఇన్‌ఫెక్షన్ తర్వాత కొన్నాళ్లు అది తగ్గవచ్చు. అప్పుడు లాక్టోజ్ లేని పాలు విరేచనాల కాలాన్ని సుమారు 18 గంటలు తగ్గించవచ్చని 2013 నాటి కాక్రేన్ సమీక్ష చెబుతుంది. ఆ ఆధారం ఎక్కువగా ఆసుపత్రిలో చేరిన పిల్లలది. నీళ్ల విరేచనాల్లో ప్రాణం కాపాడేది ఓఆర్ఎస్, జింకు, ఆపకుండా పట్టే పాలు.

ఆవుపాల ప్రోటీన్ అలర్జీ. రకం మార్పు నిజంగా చికిత్స అయ్యేది ఇక్కడే. ఒంటి మీద దద్దుర్లు, విరేచనంలో రక్తం, బరువు పెరగకపోవడం వంటివి కలిసి కనిపిస్తే వైద్యులు ప్రోటీన్‌ను బాగా ముక్కలు చేసిన పాలపొడిని 2 నుంచి 4 వారాలు పట్టించి చూస్తారు. తీవ్రమైన కేసుల్లో అమైనో ఆమ్లాలతో చేసినది ఇస్తారు. కొద్దిగా మాత్రమే ముక్కలు చేసిన రకాలు ఇందుకు పనికిరావు. మేకపాల పొడి కూడా పనికిరాదు, ఎందుకంటే మేకపాల ప్రోటీన్లు ఆవుపాల ప్రోటీన్లకు బాగా దగ్గరగా ఉంటాయి. సోయాను ఆరు నెలలలోపు మొదటి ఎంపికగా వాడవద్దని యూరప్ పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘం అంటుంది.

| లక్షణం | దానంతట అది | మార్పుతో మేలు | ఆధారం |
|---|---|---|---|
| ఏడుపు | 3–4 నెలలకు తగ్గుతుంది | అరుదు | బలహీనం |
| కక్కడం | ఏడాదిలోపు తగ్గుతుంది | చిక్కని రకంతో కొంత | ఒక మోస్తరు |
| గట్టి విరేచనం | రావచ్చు, పోవచ్చు | పామ్ ఓలిన్ లేనిదానితో కొంత | ఒక మోస్తరు |
| ఇన్‌ఫెక్షన్ విరేచనాలు | కొద్ది రోజుల్లో తగ్గుతాయి | లాక్టోజ్ లేనిదానితో స్వల్పం | ఒక మోస్తరు |
| ఆవుపాల అలర్జీ | చాలామందికి పెద్దవుతుంటే పోతుంది | స్పష్టం | బలం |

పచ్చటి పసరు వాంతి, విరేచనంలో రక్తం, సున్నంలా తెల్లటి విరేచనం, మూత్రం తగ్గడం, జ్వరం, మందకొడితనం, బరువు పెరగకపోవడం కనిపిస్తే డబ్బా మార్చి చూద్దామని ఆగకూడదు. వెంటనే వైద్యుడికి చూపించాలి. తెల్లటి విరేచనం పిత్తనాళాల జబ్బుకు గుర్తు కావచ్చు, దానికి ఆపరేషన్ ఎంత ఆలస్యమైతే అంత నష్టం.

## దశ మార్పు

ఆరు నెలల తర్వాత 2 అంకె డబ్బాకు మారాలన్నది డబ్బా మీది మాట. ఈ తరహా పాలు అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సభ 1986లోనే తీర్మానించింది. 1 అంకె పాలపొడి ఏడాది నిండేదాకా సరిపోతుందని బ్రిటన్ ఆరోగ్య సేవ అంటుంది. మారకపోతే ఎదుగుదల ఆగుతుందన్న భయానికి ఆధారం లేదు. తిరగేసి వాడితే మాత్రం ప్రమాదం. ఆరు నెలలు నిండని బిడ్డకు 2 అంకె పాలు, ఏడాదిలోపు బిడ్డకు పెద్ద పిల్లల కోసం చేసే పాలపొడి పట్టకూడదు.

## మార్చే తీరు

ఒకే రకంలో బ్రాండు మార్చేటప్పుడు ఒక్కసారిగా మార్చినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. కొత్త రుచి అలవాటు కావడానికి చాలామంది మూడు వంతులు పాతది, ఒక వంతు కొత్తది కలిపి మొదలుపెట్టి, సగం సగం చేసి, నాలుగైదు రోజుల్లో పూర్తిగా మారుస్తారు. ఇలా చేసేటప్పుడు రెండు పాలనూ వాటి వాటి డబ్బాల మీది కొలతల ప్రకారం విడివిడిగా కలిపి, ఆ తర్వాతే ఒకటి చేయాలి. అలర్జీ అని తేలినప్పుడు ఈ మెల్లగా మార్చే పద్ధతి కుదరదు. పాతదాన్ని పూర్తిగా ఆపాల్సిందే.

ప్రోటీన్‌ను బాగా ముక్కలు చేసిన పాలు చేదుగా, ఘాటు వాసనతో ఉంటాయి. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రంలో జూలీ మెనెల్లా చేసిన పరిశోధనల ప్రకారం మొదటి మూడు నాలుగు నెలల్లో ఇలాంటి పాలను పిల్లలు సులువుగా ఒప్పుకుంటారు. ఆ తర్వాత మొదలుపెడితే మూతి తిప్పేస్తారు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం స్కూపు దగ్గర ఉంది. మన దేశంలో అమ్మే చాలా డబ్బాల స్కూపు 30 మిల్లీలీటర్ల నీళ్లకు ఒకటి. అమెరికా డబ్బాల స్కూపు సాధారణంగా 60 మిల్లీలీటర్లకు ఒకటి. అమెరికా నుంచి బిడ్డతో హైదరాబాదుకో విజయవాడకో వచ్చిన కుటుంబం తెచ్చిన డబ్బా అయిపోయాక ఇక్కడిది కొని పాత లెక్కనే కలిపితే పాలు సగానికి సగం పలచనవుతాయి. బిడ్డ బరువు పెరగదు, రక్తంలో సోడియం తగ్గి ఫిట్స్ కూడా రావచ్చు. అక్కడికి చేరిన అమ్మమ్మ ఇక్కడి అలవాటుతో 30 మిల్లీలీటర్లకు ఒక అమెరికా స్కూపు వేస్తే పాలు రెట్టింపు చిక్కనై, సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. డబ్బా మారితే దాని స్కూపే వాడాలి, దాని మీది లెక్కే పాటించాలి. నింపి గీత గీసినట్టు సమం చేయాలి, నొక్కి కూరకూడదు.

మార్చే ముందు పాత డబ్బాను సరిగా వాడుతున్నారో లేదో చూడటం మేలు. పొడి కలిపే నీళ్లు కాచినవేనా, కనీసం 70 డిగ్రీల వేడి మీద కలుపుతున్నారా, కలిపిన పాలు రెండు గంటలు దాటాక పట్టడం లేదు కదా, పాలపీక మరిగిస్తున్నారా అన్నవి ముందు తేలాలి. పాలపీక బదులు ఉగ్గుగిన్నెతో పడితే శుభ్రం చేయడం సులువు. మురికి సీసా వల్ల వచ్చిన విరేచనాలు ఏ కొత్త డబ్బాతోనూ ఆగవు.

## తప్పనిసరి మార్పు: 2022 కొరత

2022 ఫిబ్రవరిలో మిచిగన్ రాష్ట్రం స్టర్జిస్‌లోని ఎబాట్ కర్మాగారంలో తయారైన పాలపొడిని బ్యాక్టీరియా అనుమానంతో వెనక్కి పిలిచారు. కర్మాగారం మూతపడటంతో అమెరికా అంతటా అల్మారాలు ఖాళీ అయ్యాయి. విమానాల్లో యూరప్ నుంచి పాలపొడి తెప్పించాల్సి వచ్చింది. దొరికిన బ్రాండు వాడండి, నీళ్లు ఎక్కువ కలపకండి, ఇంట్లో సొంతంగా పాలపొడి తయారుచేయకండి అని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సూచించింది. మామూలు పాలపొడి తాగే పిల్లల్లో ఎక్కువమంది కొత్త బ్రాండుకు సర్దుకున్నారు. అమైనో ఆమ్లాల పాలపొడి మీద బతికే పిల్లల కుటుంబాలకే కొరత ప్రాణాంతకమయ్యే పరిస్థితి తెచ్చింది. బ్రాండు మార్పుకూ రకం మార్పుకూ ఉన్న దూరం ఇంత పెద్ద ఎత్తున మరెప్పుడూ కనిపించలేదు.

## తేలని ప్రశ్నలు

ఆవుపాల అలర్జీ ఎంతమందికి ఉందన్నది మొదటి ప్రశ్న. పాత పుస్తకాలు 2 నుంచి 3 శాతం అంటాయి. తొమ్మిది యూరప్ దేశాల్లో పాలు పట్టి నిర్ధారించిన అధ్యయనంలో అది 0.54 శాతమే. ఎక్కువమందికి అలర్జీ ముద్ర వేస్తున్నారన్న వాదానికి ఈ అంకె బలం. ఆలస్యంగా, మెల్లగా బయటపడే అలర్జీ ఈ లెక్కలో పూర్తిగా పడలేదన్నది ఎదురు వాదం.

ప్రోటీన్‌ను కొద్దిగా ముక్కలు చేసిన పాలపొడి అలర్జీని నివారిస్తుందా అన్నది రెండోది. జర్మనీలో 1990లలో మొదలైన ఒక పెద్ద పరీక్ష కొంత ఆశ కల్పించింది. 2016లో వచ్చిన సమగ్ర విశ్లేషణ ఆ ఆశకు తగిన ఆధారం లేదంది. కొన్ని దేశాల సూచనలు మారాయి, మార్కెట్‌లో ఆ డబ్బాలు మాత్రం ఉన్నాయి.

అదనంగా కలిపే పదార్థాల విలువ మూడోది. డీహెచ్ఏ కొవ్వు ఆమ్లాన్ని యూరప్ తప్పనిసరి చేసింది, అమెరికా చేయలేదు. బ్రిటన్‌లో పాత పరీక్షల్లో పాల్గొన్న పిల్లల బడి మార్కులను 2021లో పరిశీలిస్తే, మార్పులు చేసిన పాలపొడి తాగినవారికి చదువులో లాభం కనిపించలేదు. తల్లిపాలలోని ప్రత్యేక చక్కెరలను పోలినవి, మేలు చేసే బ్యాక్టీరియా కలిపిన కొత్త డబ్బాలపై పరీక్షలు సాగుతున్నాయి.

ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య తల్లిపాలు లేని బిడ్డకు ఏ పాలన్నది నాలుగోది. పాలపొడి గానీ పశువుల పాలు గానీ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఏడాది నిండేదాకా ఆవుపాలు ప్రధాన పానీయంగా వద్దని అమెరికా అకాడమీ అంటుంది. ఆవుపాలలో ఇనుము తక్కువ, ప్రోటీన్, ఉప్పు ఎక్కువ. ఇనుము సరిగా అందే ఇంట్లో ఒక జవాబు, రక్తహీనత ఎక్కువగా ఉన్న చోట మరో జవాబు సరిపడవచ్చు.

ఆధారాల నాణ్యతే చివరి ప్రశ్న. 2006 తర్వాత ప్రచురితమైన 125 పాలపొడి పరీక్షలను సమీక్షించిన 2021 నాటి అధ్యయనం, ఐదింట నాలుగు వంతుల పరీక్షల్లో పక్షపాతానికి ఎక్కువ అవకాశం ఉందని తేల్చింది. వాటిలో చాలావాటి వెనక తయారీ కంపెనీలున్నాయి. కంపెనీలతో సంబంధం లేని పరీక్షలు పెరిగేదాకా రెండు విషయాలే గట్టిగా చెప్పగలిగినవి. ఒకే రకంలో బ్రాండు మార్పు, కొలత సరిగా ఉంటే, సాధారణంగా హాని చేయదు, పెద్దగా మేలూ చేయదు. రకం మార్పు వైద్యుడు నిర్ధారించిన జబ్బు ఉన్నప్పుడు, నిర్ణీత గడువుతో, పాతది మళ్లీ పట్టి చూసే మెట్టుతో సహా చేసినప్పుడే అర్థవంతమవుతుంది.